ఏరేటర్ రెక్క అచ్చుకు టూల్‌పాత్ సిద్ధం చేసే విధానం

భీమవరం పరిసరాల రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) రెక్కకు కంప్యూటర్ నడిపే మిల్లింగ్ యంత్రంపై అల్యూమినియం అచ్చు కోయదలచినవారు, టూల్‌పాత్ (కట్టర్ నడిచే దారి) సిద్ధం చేసేటప్పుడు, ముందుగా నమూనాలోని లోపలి మూలల వ్యాసార్థం చూసుకోవాలి. 4 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న మూలను 10 మిల్లీమీటర్ల వ్యాసం గల కట్టర్ పూర్తిగా కోయలేదు కనుక, దానితో రఫింగ్ (ఎక్కువ లోహాన్ని తొలగించే తొలి కోత) ముగించి, మూలలకు 6 మిల్లీమీటర్ల కట్టర్ వాడాలి.

కోత వేగం నిమిషానికి 150 మీటర్లనుకుంటే, దానిని 1000తో గుణించి, 3.1416తోను కట్టర్ వ్యాసంతోను భాగించగా, పెద్ద కట్టర్‌కు నిమిషానికి సుమారు 4,775 చుట్లు వస్తాయి. రెండు పళ్లు, పంటికి 0.05 మిల్లీమీటర్లు అయితే ఫీడ్, అంటే కట్టర్ ముందుకు సాగే వేగం, నిమిషానికి దాదాపు 478 మిల్లీమీటర్లు.

అసలు చిక్కు మూలల్లోనే ఉంది. వ్యాసంలో సగం వెడల్పున తిన్నగా సాగే కట్టర్ లోహాన్ని 90 డిగ్రీల మేర తాకుతుంది; చదరపు మూలకు చేరేసరికి ఆ కోణం 180 దాకా పెరిగి, శబ్దం మారి, గోడపై చేపపొలుసుల వంటి గీతలు పడతాయి. ఈ కోణాన్ని అదుపులో ఉంచే అడాప్టివ్ టూల్‌పాత్, నా దృష్టిలో, పరిశోధన చిన్న వర్క్‌షాపుకు ఇచ్చిన అత్యంత ఉపయోగకరమైన ఫలితం. రఫింగ్‌కు దానినే ఎంచుకోవాలి. కంపనాన్ని ముందుగా అంచనా కట్టడం మాత్రం నేటికీ కష్టమే, ఎందుకంటే స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు), హోల్డర్ (కట్టర్‌ను పట్టి ఉంచే భాగం), బిగింపుల దృఢత్వం యంత్రానికొక తీరుగా ఉంటుంది. అందుచేత కట్టర్‌ను హోల్డర్ నుంచి వీలైనంత తక్కువగా బయటకు ఉంచాలి.

యంత్రానికి ఆదేశాలిచ్చే భాష అయిన జీ-కోడ్ కట్టర్ కదలికలను చెబుతుందే గాని, కోస్తున్నది గుంటో రంధ్రమో చెప్పదు. ఆ లోటు తీర్చడానికి ఐఎస్ఓ 14649 ప్రమాణం వచ్చినా, వర్క్‌షాపుల్లో జీ-కోడ్‌దే రాజ్యం. కాబట్టి తమ యంత్రపు కంట్రోలర్‌కు సరిపడే పోస్ట్ ప్రాసెసర్‌ను (టూల్‌పాత్‌ను ఆ కంట్రోలర్‌కు అర్థమయ్యే జీ-కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌ను) ఎంచుకుని, సిమ్యులేషన్ చూసి, మొదటిసారి ప్రోగ్రామును ముక్కకు బాగా ఎత్తున, గాలిలో నడిపి చూడాలి.