ఊరి పనుల్లో మన మాట చెల్లాలంటే ఏం చేయాలి?

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఊరి గురించి మాట్లాడని మనిషి ఉండడు. టీ కొట్టు దగ్గర, రామమందిరం అరుగు మీద, పెళ్లి భోజనాల దగ్గర చెరువు పూడిపోయిందని, గెడ్డని (వాగుని) ఎవరో పొలంలో కలిపేసుకున్నారని, కుర్రాళ్లంతా వలసపోయారని గంటలకొద్దీ చెప్పుకుంటాం. గ్రామసభ అని చాటింపు వేస్తే మాత్రం "మనకేటి పని, సర్పంచ్ చూసుకుంటాడులే" అని ఎవరి పనిలో వాళ్లు పడతాం. ఆ తర్వాత సీసీ రోడ్డు ఆ వీధికే ఎందుకు పడిందని మళ్లీ అదే టీ కొట్టు దగ్గర పంచాయితీ.

ఊరి గురించి మీరేం అనుకుంటున్నారో అది తీర్మానాల పుస్తకంలోకి, రెవెన్యూ రికార్డులోకి ఎక్కాలి. ఎక్కనంత వరకు ఎంత గట్టిగా మాట్లాడినా లెక్కలోకి రాదు. ఎక్కించడం ఎలాగో వరసగా చెబుతాను.

1. ముందు పొలిమేర దాకా నడవండి

ఒక ఆదివారం పొద్దున్నే ఎండ ముదరకముందే, డెబ్బై దాటిన ఒక తాతనో అమ్మమ్మనో, ఇద్దరు కాలేజీ పిల్లల్నో వెంటేసుకుని బయల్దేరండి. వీధులు మీకు తెలిసినవే, పొలిమేర చూడండి. చెరువు గర్భం ఎక్కడి దాకా ఉండేది, మదుము (తూము) ఎక్కడ, అలుగు ఎటు పారేది, వాననీళ్లు ఏ గెడ్డ నుంచి దిగేవి, పశువుల మంద ఎక్కడ నిలిచేది, శ్మశానానికి అసలు దారి ఏది అని అడగండి. పెద్దవాళ్లు చూపిస్తుంటే పిల్లలు ఫోన్లో ఫొటో తీసి లొకేషన్ సేవ్ చేయాలి. సర్వే రాయి ఉండాల్సిన చోట తుప్పల్ని కర్రతో పక్కకు తోసి చూస్తే ఒక్కోసారి అక్కడే మట్టిలో సగం కూరుకుపోయి దొరుకుతుంది. ఒక్కోసారి పక్క చేను మధ్యలో దొరుకుతుంది (దానికదే నడిచి వెళ్లి ఉండదు కదా).

కాపాడుకోవాల్సింది నీళ్లూ నేలా మాత్రమే కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఏటా వచ్చే పక్షులకి ఊరివాళ్లే కాపలా. కొంగల గోలకీ, రెట్ట వాసనకీ విసుక్కోకుండా, ఇళ్ల మధ్య చెట్లు కొట్టకుండా ఉంచుకున్నారు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకే పని, బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి కూడా ఇలాంటి ఊళ్ల సొత్తే. మీ ఊళ్లో అంత పేరున్నది ఉండాలని లేదు. తప్పెటగుళ్లు ఆడే నలుగురు ముసలివాళ్లున్నా, వందేళ్ల రావిచెట్టున్నా చాలు. మొదటి ఏడాది మాత్రం ఒక్క పనే పట్టుకోండి. పది రాసుకుంటే ఒక్కటీ తెమలదు.

2. కాగితం సంపాదించండి

ఎక్కువమంది వదిలేసేది ఇదే, అన్నిటికంటే పనికొచ్చేదీ ఇదే. మన వైపు చాలా ఊళ్లు ఒకప్పుడు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సెటిల్‌మెంట్ చేసి రాసిన రికార్డుని సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు, ఆఫీసుల్లో ఎస్‌ఎఫ్‌ఏ అంటే చాలు అర్థమవుతుంది. ఏ సర్వే నంబరు చెరువు, ఏది గెడ్డ, ఏది రస్తా, ఒక్కోటి ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు అన్నది అందులో దొరుకుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ఇప్పటి అడంగల్ (ఏ నంబరులో ఎంత భూమి, ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) తెరవండి. అప్పుడు చెరువు అని రాసిన నంబరులో ఇప్పుడు విస్తీర్ణం తగ్గినా, ఎవరి పేరైనా కనిపించినా మీ కేసు అక్కడే మొదలవుతుంది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన రాయించుకోండి, లేకపోతే ఆఫీసులో మిమ్మల్ని ఆ నంబర్లతోనే తిప్పుతారు.

నోటితో అడిగితే ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్ల కాగితం మీద రాస్తే సరిపోతుంది. "చెరువు వివరాలు ఇవ్వండి" అని రాయకండి, "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఎస్‌ఎఫ్‌ఏ నకలు, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (ఆ నంబరు కొలతల పటం) నకలు" అని సూటిగా రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి.

కాగితాల్లో నేలకి ఏం పేరు పెడతారన్నది ఎంత ముఖ్యమో సోంపేట వాళ్లకి బాగా తెలుసు. చేపలు పట్టుకునే, పశువులు మేసే, చుట్టుపక్కల పొలాలకి నీరిచ్చే బీలని (తడినేలని) థర్మల్ ప్లాంటు కోసం పనికిరాని భూమి లెక్కన చూపించారు. జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు, సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. అంతదాకా రాకముందే మీ ఊరి తడినేల ఏ పేరుతో రాసి ఉందో చూసుకోండి.

ఆక్రమణ విషయంలో ఇంకో మాట. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అర్జీలో ఆ తీర్పు పేరు రాయండి. కానీ చెరువు గట్టు మీద గుడిసె వేసుకున్న కూలీనీ, చెరువు గర్భంలో రెండెకరాలు కలుపుకున్న మోతుబరినీ ఒకే గాట కట్టకండి. భూమిలేని కూలీల విషయంలో ఆ తీర్పు కూడా కొంత వెసులుబాటు ఇచ్చింది. ముందు పేదవాడి గుడిసె మీద పడితే సగం ఊరు మీకు దూరమవుతుంది, దూరం కావాలి కూడా.

3. పదిమందిని పోగేయండి

ఒక్కరే వెళ్తే "వాడికేదో కక్ష" అంటారు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు, ఆయకట్టు రైతులు, రెండు పార్టీల నుంచి కనీసం ఒక్కొక్కరు, అన్ని వీధుల వాళ్లు ఉండాలి. ఎస్సీ వీధి నుంచి ఎవరూ లేని కమిటీ ఊరి కమిటీ కాదు. మీటింగ్ పెట్టడానికి కనుమ రోజో, అమ్మవారి సంబరం మర్నాడో మంచిది, అందరూ ఊళ్లో ఉంటారు. సంబరం రోజు మాత్రం వద్దు, ఎవరూ వినరు.

4. గ్రామసభలో ఎలా మాట్లాడాలి

పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుంటే మీరు గ్రామసభ సభ్యులే. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన హక్కు ఇది, ఎవరూ పిలవక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అలాంటి రోజు కోసం చూడకుండా సచివాలయానికి వెళ్లి తర్వాతి సభ ఎప్పుడో, ఎజెండా ఏమిటో పంచాయతీ కార్యదర్శిని ముందే అడగండి. మీ అంశాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి.

సభలో ఏం జరుగుతుందో తెలుసు కదా, షామియానా కింద ఇరవై కుర్చీలు, అధికారులు పథకాల పేర్లు చదువుతుంటే వెనక ఎవరో ఫోన్ మాట్లాడుతుంటారు. ఇంతలో రిజిస్టరు చేతులు మారుతూ మీ దగ్గరికి వస్తుంది. దాన్ని తెరిచి చూడండి. పై సగం ఖాళీగా ఉండి కింద సంతకాలు మాత్రం వరసగా పడుతున్నాయంటే, తీర్మానం మీరు ఇంటికెళ్లాక రాస్తారన్నమాట. గొడవ అక్కర్లేదు, "బాబూ, అనుకున్నది రాసేయండి, చదివి సంతకం పెడతాం" అని నవ్వుతూ అనండి. పక్కన నలుగురు ఆడవాళ్లు "అవును, చదవండి" అంటే రాయక తప్పదు. తర్వాత ఆ పేజీ ఫొటో తీసుకోండి.

తీర్మానం మాటలు మీరే రాసి పట్టుకెళ్లడం ఇంకా మంచిది. "చెరువు బాగు చేయాలి" అని రాస్తే దానికి అర్థం లేదు. సర్వే నంబరు, సరిహద్దు కొలిపించి రాళ్లు పాతడం, మదుము తలుపు మరమ్మతు, ఫలానా శాఖకి పంపాలి అన్న నాలుగూ అందులో ఉండాలి. చెరువు పంచాయతీదా, జలవనరుల శాఖదా అన్నది ముందే తెలుసుకోండి. నీటి సంఘం ఉంటే దాని అధ్యక్షుడినీ కలుపుకోండి. సీతంపేట వైపు షెడ్యూల్డ్ (గిరిజన ప్రాంత) గ్రామాలైతే, ఆ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన పెసా చట్టం వల్ల గ్రామసభకి ఇంకా బలం ఎక్కువ, దాన్ని తక్కువ చేసుకోకండి.

5. డబ్బు దారి చూడండి

పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, దాన్నే జీపీడీపీ అంటారు. మీ తీర్మానం అందులోకి ఎక్కిందో లేదో ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని ఎవరైనా చూడొచ్చు. ఖర్చు కూడా కనిపిస్తుంది. లేని కాలువకి బిల్లు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి వచ్చే సభకి పట్టుకెళ్లండి, ఆవేశపడి ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

6. పని జరిగేటప్పుడు అక్కడ ఉండండి

పూడిక తీసేటప్పుడు యంత్రం గట్టు మొదట్లోనే తవ్వేస్తుంది, దగ్గర్లో మట్టి దొరుకుతుంది కాబట్టి. అలా చేస్తే గట్టు బలహీనపడి నీరు కారుతుంది. గట్టు నుంచి దూరంగా, గర్భం మధ్యలో తవ్వమని మొదటి రోజే చెప్పండి. ట్రాక్టర్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి. పూడిక మట్టి పొలాలకి పోవాలి, లేఅవుట్లకి కాదు.

తాగునీటి విషయం అసలు వదలొద్దు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాక కూడా ట్యాంకు ఎప్పుడు కడిగారో చాలా ఊళ్లలో ఎవరికీ తెలియదు. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పి కిట్ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి బీరువాలో ఉందో కనుక్కోండి. అందులో చిన్న సీసాలుంటాయి, కుళాయి నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు నీడలో ఉంచితే, మురుగు క్రిములుంటే నీళ్లు నల్లగా మారతాయి. సభలో ఆ సీసా బల్ల మీద పెట్టండి, అరగంట ఉపన్యాసం అక్కర్లేదు.

7. కదలకపోతే

ముందు ఎంపీడీఓ, తహసీల్దార్. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్. అర్జీకి తీర్మానం నకలు, ఎస్‌ఎఫ్‌ఏ నకలు, ఫొటోలు కలిపి ఇచ్చి రసీదు తీసుకోండి. సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చి, చెరువు దగ్గర ఏమీ మారకపోతే మళ్లీ తెరిపించండి. విసుగొస్తుంది, నిజమే. ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని తిరిగితే ఆ టెన్షన్ ఒక్కరి మీద పడదు.

ఈలోగా తీర్మానం లేకుండా అయ్యే పనులూ ఉన్నాయి. జముకుల కథ చెప్పే ముసలాయన దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేయండి, పాత వరి విత్తనం ఎవరింట్లో ఉందో రాసి పెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీకి ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చెట్లు, పక్షులు, విత్తనాల వివరాలు అందులో రాయించొచ్చు.

బయట ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. గుడికి చందా పంపడంతో సరిపెట్టకండి. ఈ-గ్రామస్వరాజ్ చూడటం, ఆర్టీఐ దరఖాస్తులు రాసివ్వడం, నకళ్లన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో తేదీ వారీగా పెట్టడం మీరు ఎక్కడున్నా చేయగలిగిన పనులే. అన్నట్టు, ఓటు హైదరాబాద్‌కి మార్చుకున్నవాళ్లు గ్రామసభలో సభ్యులు కారు. సంతకం మీ అన్నయ్యో వదినో పెట్టాలి, వాళ్లకి ఫోన్ చేసి సభ తేదీ చెప్పండి.