మళ్ళీ కాలేజీకి వచ్చిన పెద్దవాళ్ళకి రైటింగ్ ఎలా చెప్పాలి

ముప్పై అయిదో నలభై అయిదో దాటాక మళ్ళీ కాలేజీలో చేరినవాళ్ళకి రైటింగ్ క్లాసు చెప్పాల్సి వస్తే చాలామంది టీచర్లు మొదటి రోజే గ్రామర్ టెస్ట్ పెట్టేస్తారు. దయచేసి అది వద్దండి. ఎన్నో ఏళ్ళు పుస్తకం పక్కన పెట్టేసి, ఉద్యోగం, పిల్లలు, అప్పులు అన్నీ చూసుకుంటూ ధైర్యం చేసి వచ్చిన మనిషి చేతిలో రాగానే ఎర్ర గీతల పేపర్ పెడితే రెండో వారానికి మానేస్తారు, మానకపోయినా ఇక నోరు విప్పరు. వాళ్ళ దగ్గర విషయం లేక కాదు, బోలెడంత ఉంది, దాన్ని పట్టుకుని ఒక వాదనగా ఎలా నిలబెట్టాలో ఎవరూ చూపించలేదు, అంతే. గ్రామర్ కూడా చెప్పాలి, కానీ దాని వంతు తర్వాత.

మొదటి క్లాసులో ఒక ఇరవై నిమిషాలు రాయించండి, మార్కులు లేవని ముందే చెప్పండి. "మీ గురించి రాయండి" అని మాత్రం అడక్కండి, ఆ వయసుకి వచ్చేసరికి ప్రతి ఒక్కరి జీవితంలో క్లాసులో చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి. దానికి బదులు ఇలా అడగండి: "మీరు చేసే పనిలో, ఇంటి పనైనా సరే, కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా చేసే పొరపాటు ఏంటి, ఎందుకు చేస్తారు?" ఆ "ఎందుకు" లోనే కాలేజీ రైటింగ్ మొత్తం ఉంది, ఎందుకంటే దానికి జవాబు రాయాలంటే కారణం చెప్పాలి, ఉదాహరణ చూపించాలి, కాదనేవాళ్ళకి సమాధానం ఇవ్వాలి. పెన్ను ఆపకుండా, తప్పులు చూసుకోకుండా రాయమనండి. ఈ పద్ధతిని పీటర్ ఎల్బో అనే అమెరికన్ రైటింగ్ టీచర్ 1973 లోనే బాగా ప్రచారంలోకి తెచ్చారు, ఇప్పటికీ పనిచేస్తుంది. పెద్దవాళ్ళు మొదట్లో కొంచెం మొహమాటపడతారు, అందుకే వాళ్ళతో పాటు మీరూ కూర్చుని రాయండి.

ఆ పేపర్లు ఇంటికి తీసుకెళ్ళాక తప్పులు లెక్కపెట్టొద్దు, తప్పుల వెనక ఉన్న అలవాటు ఏంటో వెతకండి. 1970 లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ఆ నగరంలో హైస్కూల్ పాసైన అందరికీ సీటు ఇస్తాం అని తలుపులు తెరిచినప్పుడు, దాని కిందే ఉన్న సిటీ కాలేజీలో రైటింగ్ చెప్పే మీనా షానెస్సీ అలా చేరిన స్టూడెంట్స్ రాసిన ఎస్సేలు దాదాపు 4,000 కూర్చుని చదివారు. 1977 లో ఆవిడ చెప్పింది ఏంటంటే ఈ తప్పులు ఇష్టమొచ్చినట్టు వచ్చినవి కావు, ప్రతిదాని వెనక రాసినవాళ్ళకి ఒక లెక్క ఉంది అని. నిజంగానే ఒకే మనిషివి రెండు మూడు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి, ముప్పై తప్పుల్లా కనిపించేవి చివరికి రెండు మూడు అలవాట్లుగా తేలతాయి. మాట్లాడినట్టే వాక్యాలన్నీ కలిపేయడం ఒకటి, కథ చెప్తూ చెప్తూ కాలం మార్చేయడం ఒకటి. ఇంకోటి ఉంది, నా లెక్కలో అన్నిటికన్నా మొండిది అదే: కాలేజీ అంటే పెద్ద మాటలు రాయాలి అనుకుని ఆఫీసు నోటీసు భాషలో "సదరు విషయమై తగు చర్యలు గైకొనవలసి యున్నది" టైపులో రాసేయడం. అలాంటి వాక్యం కనిపిస్తే కొట్టేయకండి, "దీన్ని నాకు నోటితో చెప్పండి" అని అడగండి, నోటితో చెప్పిందే రాయమనండి. చాలాసార్లు అక్కడికక్కడే మంచి వాక్యం వచ్చేస్తుంది.

దిద్దే పద్ధతి కూడా మార్చాలి. రిచర్డ్ హాస్వెల్ అనే ప్రొఫెసర్ 1983 లో రాసిన పద్ధతి నాకు చాలా ఇష్టం, తప్పు ఉన్న లైన్ పక్కన మార్జిన్‌లో ఒక టిక్ పెట్టడం, అంతే, తప్పేంటో చెప్పకపోవడం. ఆయన స్టూడెంట్స్ అలా టిక్ పెట్టిన తప్పుల్లో 60 శాతానికి పైగా వాళ్ళంతట వాళ్ళే పట్టుకుని సరిచేసుకున్నారట. అంటే సగానికి పైగా తెలియక చేసినవి కావన్నమాట. మిగిలినవాటిలో ఒక్కో పేపర్‌కి ఒక్క అలవాటు మీదే కూర్చోండి, అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ ఎక్కదు.

ఇప్పుడు అసలు పని, విషయాన్ని వాదన చేయడం. ఒక నర్సు ఇలా రాశారనుకోండి: "మా వార్డులో షిఫ్ట్ మారేటప్పుడు చాలా సమస్యలు ఉంటాయి, అందరూ జాగ్రత్తగా ఉండాలి." ఇది చూసి "ఇంకా వివరంగా రాయండి" అని కామెంట్ పెడితే ఆవిడకి ఏం చేయాలో అర్థం కాదు. ప్రశ్నలు అడగండి. పోయిన వారం ఏం జరిగింది? ఎవరు ఎవరికి ఏం చెప్పడం మర్చిపోయారు? రాసి పెట్టే పద్ధతి లేదా, ఉన్నా ఎవరూ వాడట్లేదా? "జాగ్రత్తగా ఉంటే చాలు" అనేవాళ్ళకి మీరేం చెప్తారు? వీటికి జవాబులు రాశాక ఆ పేరా ఇలా మారుతుంది: "షిఫ్ట్ మారేటప్పుడు మందుల సంగతి నోటితోనే చెప్పుకుంటాం. ఆ టైంలోనే ఫోన్ మోగుతుంది, పేషెంట్ బంధువులు పిలుస్తారు, మధ్యలో ఒక డోసు మాట జారిపోతుంది. ఇది మనుషుల అజాగ్రత్త కాదు, ఆ పది నిమిషాలు ఎవరూ అడ్డు రాకుండా చూసే ఏర్పాటు లేకపోవడం." కొత్త సమాచారం ఏదీ మీరు ఇవ్వలేదు, అంతా ఆవిడకి తెలిసిందే. ఈ రెండు పేరాలూ ఆవిడ ఒప్పుకుంటే బోర్డు మీద పక్కపక్కన పెట్టి క్లాసంతా చూడనివ్వండి.

తర్వాత వచ్చే గొడవ సోర్సులు. "ఇరవై ఏళ్ళుగా కళ్ళారా చూస్తున్నాను, మళ్ళీ ఎవరో రాసిన ఆర్టికల్ ఎందుకు?" అని అడుగుతారు, అడగాలి కూడా. పెద్దవాళ్ళు ఎందుకు నేర్చుకుంటున్నామో తెలిస్తేనే నేర్చుకుంటారని పెద్దల చదువు గురించి రాసిన మాల్కమ్ నోల్స్ ఎప్పుడో చెప్పారు. అనుభవం లెక్కలోకి రాదు అని ఎప్పుడూ అనొద్దు. మీరు చూసింది మీ చోటు వరకు నిజం, మిగతా చోట్ల కూడా అంతేనా అన్నది ఆర్టికల్ చెప్తుంది అనండి. వాళ్ళ అనుభవంతో ఏకీభవించేది ఒకటి, కాదనేది ఒకటి వెతకమని, "నేను చూసింది ఇది, వీళ్ళనేది ఇది, తేడా ఎందుకొచ్చిందంటే" అని ఒక పేజీ రాయమనండి. కాపీ కొట్టకుండా ఎలా రాయాలో నియమాలు చదివి వినిపించడం కన్నా, ఆర్టికల్ మూసేసి పక్కవాళ్ళకి నోటితో చెప్పి, చెప్పింది రాసి, అప్పుడు తెరిచి సరిచూసుకోమంటే సరిపోతుంది. సోర్స్ పేరు మాత్రం అక్కడికక్కడే రాసేయాలి.

టైం సంగతి. ఇంటికెళ్ళి రాసుకు రమ్మంటే చాలామందికి కుదరదు, అందుకే మొదటి డ్రాఫ్ట్ క్లాసులోనే రాయించండి, పెద్ద పేపర్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. సెమిస్టర్‌లో ఒకసారి కారణం చెప్పకుండానే ఆలస్యంగా ఇచ్చే వీలు అందరికీ పెట్టండి, పిల్లాడికి జ్వరమని బతిమాలుకునే పరిస్థితి రాకూడదు. ఫైల్ అప్‌లోడ్ చేయడం మొదటి వారంలోనే ఒకసారి అందరి చేతా చేయించండి.

ఎవరైనా వరసగా రెండు క్లాసులు రాకపోతే ఎందుకు రాలేదని అడగకుండా ఒక మెసేజ్ పెట్టండి: "ఈ వారం మేం చేసింది ఇదండి, మీరు ఫలానా పేరా దగ్గర ఆపారు, గురువారం వస్తే అక్కడి నుంచే మొదలుపెడదాం."