వరద నెలల్లో లంకలకు వెళ్తున్నారా? ముందు భద్రాచలం సంగతి చూడండి

కోనసీమ లంకలు చూసి రావాలని చాలామందికి సరిగ్గా శ్రావణమాసం ముందో వెనకో బుద్ధి పుడుతుంది. పులస దొరికేది అప్పుడే మరి. చుట్టాలింట్లో పెళ్లో, అప్పనపల్లి బాలబాలాజీ దర్శనమో, అయినవిల్లి వినాయకుడికి మొక్కో దానికి తోడవుతుంది. గోదావరికి వరదొచ్చేదీ ఆ రోజుల్లోనే. జులై నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కోసారి అక్టోబరులో కూడా. వెళ్లొద్దంటే వినేవాళ్లు తక్కువ కాబట్టి, వెళ్లేవాళ్లు ఏం చూసుకోవాలో చెబుతాను.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఒండ్రు మేటవేసిన నేలలే లంకలు. కొన్నిటికి వంతెన ఉంది. కొన్నిటికి కాజ్‌వే మాత్రమే ఉంది, అంటే నీళ్లు పెరగగానే మునిగిపోయే దారి. ఇంకొన్నిటికి పడవే గతి. పి.గన్నవరం మండలంలో గంటి పెదపూడి వైపు నాలుగు లంకలవారికి ఏళ్ల తరబడి జరిగింది ఇదే: ఏటా వరదకు తాత్కాలిక గట్టు తెగేది, మళ్లీ నీళ్లు తగ్గేదాకా పడవలే. కాబట్టి మీరు వెళ్లే ఊరు ఈ మూడింట్లో ఏ రకమో బయల్దేరేముందే అడగండి. ‘రోడ్డుంది’ అంటే సరిపోదు, వరదలో కూడా ఉంటుందా అని అడగాలి.

బయటివాళ్లు ఎక్కువగా మోసపోయేది ఆకాశాన్ని చూసి. అమలాపురంలో ఎండ కాస్తుంటుంది, నాలుగు రోజులుగా చినుకు పడి ఉండదు, అయినా ఏరు పెరుగుతూనే ఉంటుంది. ఇక్కడి వానతో ఈ వరదకు పెద్దగా పనిలేదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల మీదుగా దిగుతుంది. అందుకే లంకవాళ్లు పొద్దున్నే అడిగే మొదటి మాట ‘భద్రాచలంలో ఎంతుంది?’ అని. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆ నీళ్లు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మీకు చేతిలో ఉండే వ్యవధి అంతే.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. టీవీలో ఎక్కువగా చెప్పేది ఈ అంకెలే. కానీ దీనికోసం ఆగితే ఆలస్యమైపోతుంది. అయినవిల్లి మండలంలోని ఎదురుబిడియం కాజ్‌వే, చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటి పల్లపు దారులు చాలాసార్లు ఆ మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. నా లెక్క ఒకటే: భద్రాచలంలో మొదటి హెచ్చరిక వచ్చిందంటే చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆ పూటే లంక వదిలి బయటపడాలి. ఇంటివాళ్లు ‘ఇవాళొక్కరోజు ఉండి వెళ్లండి’ అనక మానరు. అది మర్యాద. మీరు మాత్రం సంచి సర్దుకోండి.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటాయి. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. లంకల్లో కొన్ని ఊళ్లవాళ్లు రోజుల తరబడి నీళ్ల మధ్యే ఉన్నారు. అంతకుముందు 1986 ఆగస్టులో ఇంకా పెద్దదొచ్చింది, భద్రాచలంలో 75 అడుగులు దాటింది. పెద్దవాళ్లు ఏ వరదనైనా ఇప్పటికీ ‘ఎనభై ఆరు’తోనే పోలుస్తారు.

ఇక పడవ. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ పెద్ద వరదలో కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల విహార పడవ మునిగి దాదాపు 50 మంది పోయారు. ఆ రోజు నదిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులే, అంటే ధవళేశ్వరం మొదటి హెచ్చరికలో సగం. 2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. హెచ్చరిక లేదు కాబట్టి భయం లేదనుకోకండి.

రేవులో లైఫ్‌జాకెట్ ఇస్తే చేత్తో పట్టుకోవడం కాదు, తొడుక్కుని తాళ్లు బిగించుకోండి. పిల్లల సైజువి ఉన్నాయా అని అడగండి, చాలాచోట్ల ఉండవు. పడవ అంచు నీటికి దగ్గరగా దిగి కనిపిస్తే ఎక్కకండి, తర్వాతి దాటు చూసుకోండి. బైకులు, బస్తాలు, మనుషులు కలిపి ఎక్కిస్తుంటే అసలే వద్దు. ఎక్కాక మధ్యలో కూర్చోండి. ఒడ్డు రాగానే అందరూ ఒక్కసారి ఒకే వైపుకు లేస్తారు, పడవ ఒరిగేది అప్పుడే. చీకటి పడ్డాక దాటొద్దు, కొట్టుకొచ్చే దుంగలు పడవ నడిపే సరంగుకు కనబడవు. సరంగు ‘ఇప్పుడు కాదండి, కాసేపాగండి’ అన్నాడంటే నీళ్లలో ఏదో చూశాడన్నమాటే. బేరమాడి, బతిమాలి, ఇంకో వంద ఇస్తానని ఎక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అధికారులు పడవలు ఆపేసినప్పుడు దొంగచాటుగా దాటించేవాళ్ల జోలికి పోవద్దు.

ఉండాల్సి వస్తే ఇంటివాళ్లకు బరువు కాకుండా వెళ్లండి. వరదలో కరెంటు తీసేస్తారు, ఒక్కోసారి మూడు నాలుగు రోజులు. పవర్ బ్యాంకు, టార్చి, పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు పట్టుకెళ్తే స్వీటు డబ్బాకంటే ఎక్కువ సంతోషిస్తారు. బీపీ, షుగరు మందులు వారానికి సరిపడా ఉండాలి. బోర్లు మునిగితే నీళ్లు పాడవుతాయి, కాచి చల్లార్చిన నీళ్లే తాగండి, పిల్లలకైతే మరీ ముఖ్యం. ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉంటే వరద మాట వినగానే ఒడ్డుకు చేర్చాలి. లంకవాళ్లు చాలామంది అదే చేస్తారు. మొహమాటానికి ఆగేవాళ్లుంటే మీరైనా తొందరపెట్టండి.

పాముల సంగతి వేరే చెప్పాలి. నీళ్లు ఎక్కితే అవీ మనలాగే మెరక వెతుక్కుంటాయి. అరుగు మీద, కొబ్బరి మట్టల కుప్పలో, పశువుల్ని కట్టిన ఏటిగట్టు మీద కనిపిస్తాయి. తాచు, కట్లపాము, రక్తపింజర మూడూ ప్రమాదమే. రాత్రి టార్చి లేకుండా అడుగు బయటపెట్టకండి. నేలమీద పడుకోకండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయొద్దు. మనిషిని కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. 108కి చేయండి. దారి మునిగి ఉంటే 112కి గానీ, విపత్తుల కంట్రోల్ రూం 1070కి గానీ చేసి పడవ అడగండి.

ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు ఒక మాట. లంక ఒడ్డు పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద ఏరు కోసేసి ఉంటుంది. అరటితోట అంచున నిలబడి సెల్ఫీ తీసుకుంటే మీతోపాటు నాలుగు చెట్లూ జారిపోతాయి. నేలలో పగులు కనిపిస్తే దానికి అవతలివైపు కాలు పెట్టొద్దు.

పులస గురించి కూడా చెప్పేస్తాను. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత వ్యాపారులకు బాగా కలిసొచ్చింది. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చిన చేపే పులస. బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసను (అదీ ఆ జాతి చేపే) అదే పేరుతో, అదే ధరకు అంటగట్టేవాళ్లున్నారు. తెలిసిన మనిషి లేకుండా కొనకండి. దానికోసం వరదలో ఏరు దాటడం మాత్రం ఏ లెక్కనా తగని పని.

చేప మీద మనసు లేనివాళ్లు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వెళ్లండి. ఏరు నెమ్మదిగా ఉంటుంది, ఒండ్రులో దొండ, బీర పాదులు పచ్చగా ఉంటాయి, గట్టు మీద సైకిలేసుకుని తిరగొచ్చు. కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం ఒక్కటి చూసినా వచ్చిన ఖర్చు దక్కినట్టే.

వరద తగ్గాక తొందరపడేవాళ్లు కూడా ఎక్కువే. కాజ్‌వే బయటపడగానే బైకు ఎక్కించొద్దు. మీద అరచేతి మందాన బురద ఉంటుంది, దాని కింద సిమెంటు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. ఊరివాళ్లు కర్రతో పొడుచుకుంటూ నడిచి చూసి, ట్రాక్టరు ఒకటి తిరిగాక వెళ్లండి. ఇంట్లో కరెంటు రాగానే స్విచ్ వేయొద్దు. గోడలు తడిసి ఉంటాయి, మెయిను కట్టేసి ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాకే వేయాలి.