నీటి అడుగున తిరిగే రోబో, 3వ పాఠం: వదిలిన చోటే నిలబడాలి

కిందటి పాఠంలో పీవీసీ పైపులతో ఫ్రేము కట్టి మూడు మోటార్లూ బిగించాం. కరెంటు ఇచ్చి చూడాలని చేతులు ఉబలాటపడుతుంటాయి, నిజమే. కానీ ఈ వారం బ్యాటరీ జోలికి పోవద్దు. ముందు రోబో నీళ్లలో తేలిపోకుండా, మునిగిపోకుండా నిలబడాలి. అది కుదరకపోతే పోటీ జరిగినంతసేపూ నిలువు మోటారు దాన్ని పైకి లాగడానికో కిందికి తోయడానికో సరిపోతుంది. నడిపేవాళ్లకు టెన్షనే మిగులుతుంది.

ముందుగా ఫ్రేములోని గాలి సంగతి చూద్దాం. జాయింట్ల దగ్గర పైపుల్లోకి కొంచెం నీరు చేరుతుంది, కొంచెం గాలి మిగిలిపోతుంది. రోబో ముక్కు కాస్త వంగిందంటే ఆ గాలి వెనక్కి పరుగెత్తి తోకను ఎత్తేస్తుంది. దాంతో ముక్కు ఇంకా కిందికి దిగుతుంది. అందుకని ప్రతి పైపుకూ రెండు చివర్లా, పైనా కిందా 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. నీళ్లలో దించి అటూ ఇటూ ఊపండి, బుడగలు ఆగేదాకా ఊపండి. ఫ్రేము పూర్తిగా నిండాలి. తేల్చే పని వేరే ఫ్లోట్లు చూసుకుంటాయి.

ఇప్పుడు తూకం. రోబో మొత్తం మునిగేంత డ్రమ్ముగానీ తొట్టిగానీ కావాలి. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే తూకానికి తాడుతో రోబోను వేలాడదీసి నీళ్లలోకి దించండి. అప్పుడు కనిపించేది నీళ్లలో దాని బరువు. 600 గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే 600 గ్రాములు ఎత్తగల ఫ్లోట్ కావాలి.

63 మిల్లీమీటర్ల పైపు 30 సెంటీమీటర్లు కోసి, రెండు వైపులా ఎండ్ క్యాప్‌లు పెట్టి సాల్వెంట్ సిమెంట్‌తో (పీవీసీ పైపుల జిగురు) అతికించండి. 63 అనేది బయటి వ్యాసం. కాబట్టి ఈ ముక్క సుమారు 935 గ్రాముల నీటిని తొలగిస్తుంది. ఆర్కిమెడీస్ సూత్రం మీకు గుర్తుండే ఉంటుంది: మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగిస్తే, అంత నీటి బరువుతో నీరు దాన్ని పైకి తోస్తుంది. తయారైన ఫ్లోట్ 250 గ్రాములు తూగితే, అది ఎత్తేది 685. మనకు కావాల్సింది 600 కాబట్టి 85 గ్రాములు ఎక్కువ. దీన్ని నట్లు, వాషర్లు కట్టి తగ్గించుకోవాలి. ఇనుము నీళ్లలో తన బరువులో ఎనిమిదో వంతు కోల్పోతుందని మాత్రం మరవద్దు. పూర్తిగా సున్నాకి తేవద్దు, 20 గ్రాముల తేలుడు ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా రోబో తనంతట తానే పైకి వస్తుంది.

ఫ్లోట్లు ఫ్రేముకు పైన, బరువులు అడుగున ఉండాలి. రెండింటి మధ్య ఎంత ఎడం ఉంటే అంత నిలకడ. చేత్తో పక్కకి వంచి వదిలేయండి. వెంటనే నిటారుగా వస్తే సరే. బద్ధకంగా లేస్తుంటే బరువులు ఇంకా కిందికి జరపండి.

ఈత కొలనులో వాడే ఫోమ్ గొట్టాలు చవకే, కోయడమూ తేలికే. అయినా నాకు వాటి మీద నమ్మకం లేదు. 10 మీటర్ల లోతుకి పోతే ఒత్తిడి రెట్టింపవుతుంది. అంత లోతు లేని కొలనులోనూ మెత్తటి ఫోమ్ కొంత నలుగుతుంది, పైన సరిగ్గా ఉన్న రోబో అడుగుకి వెళ్లేసరికి బరువెక్కుతుంది. మూసిన పైపుతో ఆ బాధ లేదు.

పీవీసీ అంటే చిన్నచూపు అక్కర్లేదు. 2004లో అమెరికాలో జరిగిన మేట్ అనే నీటి అడుగు రోబోల పోటీలో, పేరుమోసిన సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీ జట్టును దాటి గెలిచింది ఫీనిక్స్ నగరంలోని కార్ల్ హేడెన్ హైస్కూల్ పిల్లలు. వాళ్ల రోబో ఒళ్లంతా పీవీసీ పైపులే. పైపుల జిగురు కంపు కొడుతోందని దానికి స్టింకీ అని పేరు పెట్టుకున్నారు.

ఇంకో మాట. కొలనులో సరిచేసుకున్న రోబో సముద్రంలో అలాగే ఉండదు, ఉప్పునీరు సాంద్రత ఎక్కువ. ఫ్రేములో నిండిన నీటిని లెక్కలోంచి తీసేస్తే, 10 లీటర్ల నీటిని తొలగించే రోబోకి అక్కడ సుమారు 250 గ్రాముల బరువు అదనంగా కట్టాలి.

ఈ వారం ఇంటిపని: అతికించిన ఫ్లోట్‌ను ఒక రోజంతా ఆరనిచ్చి తూచండి. ఒక రాత్రి నీళ్లలో ముంచి ఉంచి, పొడిగా తుడిచి మళ్లీ తూచండి. బరువు పెరిగితే లోపలికి నీరు దిగినట్టే. అతుకులు వేయకుండా కొత్తది చేసుకోండి. వచ్చే పాఠంలో రోబోకి ఒడ్డునుంచి వెళ్లే తీగ గురించి చూద్దాం. దాన్నీ ఇలాగే తేల్చాలి, అందుకని తూకం దగ్గరే ఉంచుకోండి.