మీ ఇంటికి ఎగువన ఏ చెరువు ఉంది? తిరుపతిలో నవంబరు వానలకు వీధంతా కలిసి సిద్ధం కావడం ఎలా?

తిరుపతిలో వరద అనగానే చాలామంది స్వర్ణముఖి వైపు చెయ్యి చూపిస్తారు. నదికి దూరంగా ఇల్లు కట్టుకున్నవాళ్లు ఆ ధీమాతోనే నిద్రపోతారు. 2021 నవంబరు మూడో వారంలో ఆ ధీమా చెల్లలేదు. నదితో పని లేకుండానే శేషాచలం మీద నుంచి, నిండిన చెరువుల అలుగుల (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) మీద నుంచి, వాగును పూడ్చి వేసిన కాలనీల నడుమ నుంచి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అందుకే ఇక్కడ వరదకు సిద్ధం కావాలంటే మొదట తెలుసుకోవలసింది నది ఎంత దూరంలో ఉందని కాదు, మీ ఇంటికి ఎగువన ఏముందని.

ఈ పని ఒక్క ఇంటివల్ల కాదు. వీధిలో అయిదారుగురు కలిస్తే రెండు ఆదివారాల్లో అయిపోతుంది. సెప్టెంబరులో మొదలుపెడితే మంచిది.

ముందుగా, వాన సంగతి

మనకు అసలు గండం ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి వాయుగుండంగా మారి పడమరగా కదులుతుంది. టీవీలో "చెన్నై దగ్గర తీరం దాటే అవకాశం" అని వినగానే ఇక్కడివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి జాగ్రత్త పడవలసింది అప్పుడే. మన అర్ధగోళంలో వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం మనకు దక్షిణంగా తీరం దాటితే, ఉత్తరం పక్కన ఉన్న మన మీదికి గాలి నేరుగా సముద్రం నుంచి తేమను మోసుకొస్తుంది. ఆ గాలి కొండలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కుండపోత కురుస్తుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం తీరం దాటింది పుదుచ్చేరి, చెన్నైల మధ్య. మునిగింది తిరుపతి. అంతకు ముందు ఏడాది నివర్ తుపాను కూడా పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి, చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో వాగులు వంకలు పొంగించింది.

కొండ నిట్టనిలువుగా ఉంది, రాయి నీరు తాగదు. పైన కురిసిన వాన ఊళ్లోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు. కపిలతీర్థం జలపాతం రంగు మారి ఉరకడం చూడటానికి ఫోన్లు పట్టుకుని వెళ్లేవాళ్లు, అదే నీరు కాసేపటికి ఎటు వెళ్తుందో ఒక్కసారి ఆలోచించాలి.

నీటి దారి పటం గీయండి

వాన లేని రోజు తెల్ల కాగితం, పెన్సిలు తీసుకుని బయలుదేరండి. ఫోనులో ఉపగ్రహ చిత్రం చూసుకోవచ్చు. కానీ దాని మీదే ఆధారపడకండి. పలక కింద దాక్కున్న కాలువ దానికి కనిపించదు. ఊళ్లో పెద్దవాళ్లను, ముఖ్యంగా ఒకప్పుడు ఆయకట్టుకు నీళ్లు వదిలిన నీరుగంటి ఎవరైనా ఉంటే ఆయనను వెంటబెట్టుకోండి. ఏ వంక ఎక్కడ మలుపు తిరిగేదో, ఏ స్థలం ఒకప్పుడు చెరువు లోపలిదో ఆయన నడుస్తూనే చెబుతారు. సచివాలయంలోని సర్వేయరును అడిగితే గ్రామ పటంలో పాత వాగు గీత ఎక్కడుందో చూపిస్తారు. ఆ గీత మీద ఇప్పుడు కల్యాణ మండపం ఉంటే ఆశ్చర్యపోవద్దు.

మన జిల్లాల చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు చేరుతుంది. వందల ఏళ్ల కిందటివాళ్లు కరువు సీమలో ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని కట్టుకున్న ఏర్పాటు ఇది. ఇందులోనే ప్రమాదమూ ఉంది. పై కట్టకు గండి పడితే ఆ బరువంతా కింది కట్ట మీద పడుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగడానికి ముందు, ఎగువన పింఛా ప్రాజెక్టు నుంచి వచ్చిన నీరు ఒక్కసారిగా దాని మీద పడింది. దిగువ పల్లెల్లో ఎన్నో ప్రాణాలు పోయాయి.

కాబట్టి పటంలో ఇవి ఉండాలి: మీకు ఎగువన ఉన్న చెరువు, దానికి ఎగువన ఉన్న చెరువు, అలుగు ఏ వైపు ఉంది, అలుగు నీరు దిగే వంక, ఆ వంక మీది కల్వర్టులు, మీ వీధి నుంచి నీరు బయటికి పోయే చోటు. ఈ చివరిదాన్ని అందరూ మరిచిపోతారు. నీరు వచ్చే దారి కంటే పోయే దారి మూసుకుపోవడంవల్లే చాలా వీధులు మునుగుతాయి. 2021లో ఏ గోడకు ఎంత ఎత్తున నీరు నిలిచిందో గుర్తున్నవాళ్లను అడిగి అక్కడ రంగుతో గీత గీయండి. పై చెరువు అలుగు పారడం మొదలయ్యాక ఎంతసేపటికి నీరు వీధికి వచ్చిందో కూడా అడిగి రాసుకోండి. మీకు దొరికే వ్యవధి అంతే.

చిత్తూరు పట్టణంవాళ్లకు ఇదే పద్ధతి నీవా నది, దానిలో కలిసే వంకలు, కట్టమంచి లాంటి ఊరి చెరువుల విషయంలో పనికొస్తుంది. వాకాడు, సూళ్లూరుపేట వైపు తీర గ్రామాలది వేరే కథ. అక్కడ గాలి, ఉప్పెన ముందు వస్తాయి. దగ్గరలోని తుపాను షెల్టరుకు ఏ దారిన వెళ్లాలో తేల్చుకోవడమే వాళ్లకు మొదటి పని.

కట్ట మీద నడిచి చూడండి

అక్టోబరుకు ముందు ఒకసారి, పెద్ద వాన తర్వాత మరోసారి నడవండి. ఎలుకలు, పందికొక్కులు తవ్విన బొరియలు, కట్టలోకి వేళ్లు దింపిన కంప చెట్లు, కట్ట కుంగి వంపు తేలిన చోట్లు చూడండి. పాత తూము (కట్ట కింది నుంచి పొలాలకు నీరు వదిలే దారి) చుట్టూ మరింత జాగ్రత్తగా చూడాలి. రాతి తూముకు, మట్టికి మధ్య సందు పడితే నీరు అక్కడే దారి వెతుక్కుంటుంది.

కట్ట బయటివైపు అడుగున తడి కనిపిస్తే వెంటనే కంగారు పడనక్కర్లేదు. మట్టికట్ట కొంత ఊరుతూనే ఉంటుంది. చూడవలసింది నీటి రంగు. ఊట తేటగా వస్తుంటే గుర్తు పెట్టుకుని రోజూ గమనించండి. బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడు జలవనరుల శాఖ ఇంజనీరుకు, తహసీల్దారు కార్యాలయానికి ఫోను చేయడం, దిగువవాళ్లను కదిలించడం రెండూ ఒకేసారి జరగాలి. ఊట మీద మట్టి కుప్ప పోసి మూసేద్దామని ఉత్సాహపడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అక్కడ మూస్తే నీరు మరోచోట పొడుచుకొస్తుంది. ఆ పని ఇంజనీరు చెప్పినట్లే చేయాలి.

ఇక అలుగు. ఇంకో అడుగు నీరు నిలిస్తే రెండో పంటకు వస్తుందని అలుగు మీద ఇసుక మూటలు పేరుస్తారు. చేపలు పోకుండా వలలు కడతారు. ఆ వలకు చెత్త, కంప చిక్కుకుంటే అది గోడే అవుతుంది. అలుగు మీద పోవలసిన నీరు కట్ట మీద పొర్లితే మట్టికట్ట నిలవదు. చేపల వేలంపాట దక్కించుకున్నవారితో, ఆయకట్టు రైతులతో పంచాయతీలో కూర్చుని, వానాకాలంలో అలుగుకు అడ్డు పెట్టకూడదని ముందే మాట తీసుకోండి. వాన మొదలయ్యాక వెళ్తే అది మాటగా ఉండదు, కొట్లాట అవుతుంది.

రాయలచెరువు ఇక్కడ గుర్తుకు రావాలి. రామచంద్రాపురం మండలంలోని ఆ పెద్ద చెరువు కట్టకు 2021 నవంబరులో లీకేజీ కనిపించింది. దిగువ పల్లెల ప్రజలను ఖాళీ చేయించి, మూటలు వేసి, కట్టను కాపాడారు. చివరకు కట్ట నిలిచింది. "ఏమీ కాకపోయినా అనవసరంగా పరిగెత్తించారు" అన్నవాళ్లు ఉండే ఉంటారు. నా లెక్కలో ఆ ఖాళీ చేయించడమే సరైన పని. తెగదని తేలేదాకా తెగుతుందనే నడుచుకోవాలి.

హెచ్చరికను అంకెల్లో చదవండి

వాతావరణ శాఖ భాషలో రోజుకు 64.5 మి.మీ. నుంచి 115.5 మి.మీ. దాకా భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం, ఆ పైన అత్యంత భారీ వర్షం. పసుపు రంగు హెచ్చరిక వస్తే గమనిస్తూ ఉండమని, నారింజ వస్తే సిద్ధంగా ఉండమని, ఎరుపు వస్తే వెంటనే కదలమని అర్థం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. 100 మి.మీ. కురిస్తే ఒక్క చదరపు కిలోమీటరు కొండ మీద పడేది 10 కోట్ల లీటర్లు.

కానీ జిల్లాకంతా కలిపి ఇచ్చిన హెచ్చరిక మీ వీధి సంగతి చెప్పదు. అందుకు ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా మిద్దె మీద కదలకుండా పెట్టి, రోజూ ఉదయం 8.30కి స్కేలుతో లోతు కొలిచి రాసి, నీళ్లు పారబోయండి. వాతావరణ శాఖ కూడా రోజు లెక్క కట్టేది ఆ వేళకే. గట్టి వాన పడుతుంటే గంట గంటకూ చూడండి. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి, ఎన్ని మిల్లీమీటర్లకు మీ కల్వర్టు పొంగుతుందో మీ నోటు పుస్తకమే చెబుతుంది. మీ వీధికి సంబంధించి అంతకు మించిన హెచ్చరిక ఎవరూ ఇవ్వలేరు. బడి పిల్లలకు అప్పగిస్తే పెద్దల కంటే శ్రద్ధగా చేస్తారు.

ఎవరు ఎవరికి చెప్పాలి?

ఎగువ చెరువు ఊళ్లో ఇద్దరి నంబర్లు మీ దగ్గర, మీ నంబర్లు వాళ్ల దగ్గర ఉండాలి. ఈ ఒక్క పని చేసి మిగతావి మానేసినా సగం సిద్ధమైనట్లే. "అన్నా, అలుగు పారుతోంది" అనే ఆ ఒక్క ఫోను కోసం ముందే పరిచయం చేసుకోవాలి. అలాగే మీకు దిగువన ఉన్న కాలనీవాళ్లకు మీరు చెప్పాలి.

వీధిలో మంచాన పడ్డవాళ్లు, గర్భిణులు, డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో జాబితా రాసి, ఒక్కో ఇంటికి ఒక్కో మనిషిని పేరుతో కేటాయించండి. అందరి బాధ్యత అంటే ఎవరూ రారు. ఫోన్లు పనిచేయకపోతే గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట ఉన్నాయి. వాటివాళ్లతో ముందే మాట్లాడుకోండి. 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070, కరెంటుకు 1912 నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇంట్లో

పట్టాలు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో అటక మీద పెట్టాలని అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది సంపు సంగతి. 2021 వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో, సంపు లోపల శుభ్రం చేస్తుండగా సిమెంటు ఒరల తొట్టి మొత్తం భూమిలోంచి పైకి లేచింది. వింత చూడటానికి జనం బారులు తీరారు. నేల నీటితో నిండిపోయినప్పుడు ఖాళీ తొట్టిని చుట్టూ ఉన్న నీరు కింది నుంచి పైకి నెడుతుంది. లోపలి నీటి బరువే దాన్ని నేలలో ఆపేది. కాబట్టి వరద నీరు కలిసిందని సంపును వెంటనే తోడెయ్యకండి. నేల ఆరేదాకా ఆగండి. అంతవరకు ఆ నీరు తాగడానికి వాడకండి.

మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలకూ తెలియాలి. నీరు గడప దాటకముందే ఆపేయాలి. తడి కాళ్లతో దాని దగ్గరికి వెళ్లకూడదు.

వాన కురుస్తున్నప్పుడు

పారే నీరు చీలమండ దాటి పిక్కల వైపు వస్తే ఎదిగిన మనిషినైనా పడదోస్తుంది. రెండడుగులు ఉంటే చాలా కార్లు తేలిపోతాయి. అండర్‌బ్రిడ్జిలో నిలిచిన నీటి లోతు పైకి తెలియదు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి నీటిలో, కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబం వాహనం చిక్కుకుని కొత్త పెళ్లికూతురు చనిపోయింది. ఊరు కొత్తవాళ్లకు ఆ దారి సంగతి తెలియదు. అండర్‌బ్రిడ్జి దగ్గర నివసించేవాళ్లు ఒక తాడు, ఎర్ర గుడ్డ సిద్ధంగా ఉంచుకుని, నీరు చేరగానే దారికి అడ్డంగా కట్టి, పోలీసులకు చెప్పాలి.

ఘాట్ రోడ్డు విషయంలో వాన ఆగిందని నమ్మకండి. రాళ్ల సందుల్లోకి దిగిన నీరు తర్వాత కూడా పట్టు సడలిస్తూనే ఉంటుంది. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌లో పెద్ద బండరాళ్లు విరిగిపడి రోడ్డు దెబ్బతింది. ఘాట్, మెట్ల దారి మూశారంటే కింద ఆగిపోవాలి. దర్శనం టికెట్టు చూపించి సిబ్బందితో వాదించడంవల్ల కొండ ఆగదు.

నీరు తగ్గాక

చీపురు పట్టే ముందు ఫోను పట్టండి. గోడ మీది నీటి గీత, పాడైన సామాను, కూలిన ప్రహరీ ఫోటోలు తీసి ఉంచితే నష్టం నమోదుకు వచ్చే సిబ్బందికి చూపించవచ్చు. కట్టెల కుప్ప, చెప్పుల అర, నానిన దుప్పట్లు చేత్తో కదపకుండా కర్రతో కదపండి, పాములు అక్కడే దూరుతాయి. కాటు పడితే నోటితో పీల్చడం, కోయడం, గట్టిగా కట్టు బిగించడం వద్దు. ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా చూసి, నాటువైద్యం దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. తాగేది కాచి చల్లార్చిన నీరే.

ఆ వారంలోనే పటం మళ్లీ తీయండి. ఈసారి నీరు ఎక్కడ దారి మార్చుకుందో, ఏ కల్వర్టు ఊపిరాడక పొంగిందో గుర్తులు పచ్చిగా ఉన్నప్పుడే ఎర్ర పెన్సిలుతో దిద్ది, ఒక నకలు వార్డు సచివాలయంలో ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.