ఉద్యోగ వేటలో ఉత్సాహం నీరుగారిపోతే: సమస్య - పరిష్కారం

"నాలో మోటివేషన్ పోయింది." సలహా కోసం వచ్చేవాళ్లలో చాలామంది మొదట అనే మాట ఇదే. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లూ, ఉన్న ఉద్యోగం మీద విసుగెత్తినవాళ్లూ అదే అంటారు. ఇది జ్వరం వచ్చిందని చెప్పడం లాంటిది. ఎందుకొచ్చిందో చూడకుండా మందు వేసుకుంటే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. ఉత్సాహపరిచే వీడియోలు, తెల్లవారుజామున లేస్తానన్న శపథాలు, గోడకు అంటించిన లక్ష్యాలు ఆ రెండు రోజుల మందే.

రెజ్యూమే రాయడం, అప్లై చేయడం మీకు వచ్చనే అనుకుని చెబుతున్నాను.

ముందుగా చూడాల్సింది (దాదాపు అందరూ వదిలేసేది ఇదే)

కాగితం తీసుకుని గత 30 రోజుల లెక్క రాయండి. ఎన్ని అప్లికేషన్లు పంపారు, ఎన్నింటికి కాల్ వచ్చింది, ఎన్ని ఇంటర్వ్యూల దాకా వెళ్లాయి, ఎన్ని రెండో రౌండుకు చేరాయి. నోటి లెక్క వద్దు, పంపిన మెయిళ్లు తెరిచి చూసి రాయండి. "వందల్లో పంపాను" అన్నవాళ్లను కూర్చోబెట్టి లెక్కేయిస్తే పద్నాలుగో పదిహేనో తేలడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు. రోజంతా ప్రకటనలు చదివి అలిసిపోయారు, ఆ అలసటే పెద్ద అంకెలా అనిపించింది.

అలాగే రెజ్యూమేలో ఉన్న ఫోన్ నంబరు అంకె అంకె సరిచూసుకోండి. స్పామ్ ఫోల్డరు కూడా తెరవండి. ఇంటర్వ్యూ పిలుపు అక్కడ పడి ఉండగా నెలంతా బాధపడినవాళ్లు నాకు తెలుసు. దయచేసి ఇవి చూసుకున్నాకే కిందికి రండి.

లక్షణం: చాలా పంపారు, కాల్స్ లేవు

కారణం రెజ్యూమేలోనో, మీరు ఎంచుకుంటున్న ఉద్యోగాల్లోనో ఉంది. ఒక ప్రకటన పక్కన పెట్టుకుని, అందులో అడిగినవాటిలో మీకు ఉన్నవన్నీ రెజ్యూమే మొదటి సగంలోనే కనబడుతున్నాయా చూడండి. లేకపోతే ఆ ఉద్యోగానికి తగ్గట్టు మార్చి పంపండి. అడిగినవాటిలో సగం కూడా మీకు లేకపోతే ఆ ప్రకటన వదిలేయండి.

లక్షణం: కాల్స్ వస్తాయి, ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంది

ఇది ప్రాక్టీసు లేక వచ్చింది. తెలిసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని జవాబులు పైకి చెప్పండి. మనసులో అనుకున్న జవాబుకూ నోటితో చెప్పిన జవాబుకూ ఎంత తేడా ఉంటుందో మొదటిసారే తెలిసిపోతుంది.

లక్షణం: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా చేయి కదలదు

అసలు దొంగ ఇక్కడ ఉంటాడు. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే.

ఒకప్పుడు ఏడు నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నాను. మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఒకచోట నాలుగు రౌండ్లు అయ్యాయి, చివరి రౌండులో "త్వరలో చెబుతాం" అన్నారు. ఆ తర్వాత అవునని గానీ కాదని గానీ ఏ కబురూ లేదు. ఆ వారం నుంచి ల్యాప్‌టాప్ తెరవాలంటేనే ఒంట్లో బరువుగా ఉండేది. నాకు బద్ధకం పట్టుకుందని నన్ను నేను తిట్టుకున్నాను. టైమ్‌టేబుల్ వేసుకున్నాను, కోర్సులో చేరాను, ఏదీ నిలవలేదు. అసలు సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది. రోజు బాగా గడిచిందా లేదా అన్నది మెయిల్ వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకుంటున్నాను. అంటే నా రోజు మంచిచెడ్డలు ముక్కూమొహం తెలియని ఎవరి చేతిలోనో పెట్టాను. వాళ్లు "కాదు" అన్నా తట్టుకునేవాణ్ణి. ఏమీ అనకపోవడమే నన్ను తినేసింది.

దీని వెనక ఉన్న సంగతి మనస్తత్వ శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, ఏం చేసినా ఆగని కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావాటికి తర్వాత తప్పించుకునే దారి దొరికినా కదల్లేదు. దాన్ని "నేర్చుకున్న నిస్సహాయత" అన్నారు. అయితే 2016లో వాళ్లిద్దరే ఆ మాటను తిరగరాశారు. కష్టం ఆగకుండా సాగినప్పుడు చతికిలబడటం ఎవరూ నేర్చుకునేది కాదు, మెదడు మామూలుగా చేసే పనే అది. నేర్చుకోవాల్సింది "ఇది నా చేతిలో ఉంది" అన్న సంగతి అని తేల్చారు. చేయి కదలనివాళ్లకు ఇంతకంటే పనికొచ్చే మాట నాకు దొరకలేదు. మీలో ఏదో లోపం ఉందని కాదు, మీ చేతిలో ఉన్నది మీ కంటికి కనబడటం లేదు.

పరిష్కారం: ఆ లెక్క కాగితాన్నే మళ్లీ తీసి నిలువునా గీత గీయండి. ఎడమ వైపు మీరు చేసినవి: పంపిన అప్లికేషన్, మాట్లాడిన మనిషి, ప్రాక్టీసు చేసిన ప్రశ్న. కుడి వైపు వాళ్లు చేయాల్సినవి: కాల్, జవాబు, ఆఫర్. రోజు ఎలా గడిచిందో ఎడమ వైపు చూసే తేల్చుకోండి. కుడి వైపు వారానికి ఒక్కసారి చూస్తే చాలు, అది కూడా ఎక్కడ తెగుతోందో కనిపెట్టడానికే. ఫోన్‌లో మెయిల్ నోటిఫికేషన్లు ఆపేసి, రోజుకు రెండు వేళలు పెట్టుకుని అప్పుడే తెరవండి. పది రోజులు జవాబు లేకపోతే ఒక్కసారి మర్యాదగా అడిగి, ఆ వరస కొట్టేయండి. కొట్టేయడం చాలా ముఖ్యం. తెరిచి ఉన్న ప్రతి వరసా రోజూ మనసులో కొంత చోటు తింటుంది.

రెండో పని, జవాబు ఇచ్చే మనుషుల దగ్గరికి వెళ్లడం. పోర్టల్ పలకదు, మనిషి పలుకుతాడు. వారానికి ఇద్దరు పాత సహోద్యోగులకో, ముఖ పరిచయం ఉన్నవాళ్లకో ఫోన్ చేయండి. ఉద్యోగం అడగొద్దు, వాళ్ల పని ఎలా ఉందో, అక్కడ ఎలాంటి మనుషులు కావాలో అడగండి. దగ్గరివాళ్లయితేనే సాయం చేస్తారని మొహమాటపడేవాళ్లకు ఒక మాట. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా అన్నవాళ్లు 16.7% మాత్రమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6%, అరుదుగా అన్నవాళ్లు 27.8%. అడిగినది కొద్దిమందినే, అయినా నేను చూసిందీ దాదాపు ఇదే.

మొదటి వారం ఏ మార్పూ తెలియదు. నాకు మూడో వారంలో తేడా కనబడింది. అది కూడా ఊపులా రాలేదు, పొద్దున ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు ఆ బరువు లేదంతే.

లక్షణం: ఉద్యోగం ఉంది, పని మీద మనసు లేదు

ఇక్కడ కూడా ఆ గీత పనికొస్తుంది, కానీ ముందు బర్నౌట్, అంటే పని ఒత్తిడితో లోపల అంతా ఖాళీ అయిపోవడం, అవునో కాదో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో మూడు గుర్తులు చెప్పింది: సత్తువ అయిపోవడం, పని అంటే దూరంగానో ఏవగింపుగానో ఉండటం, చేసేది సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం. దాన్ని జబ్బుగా కాక పనికి సంబంధించిన పరిస్థితిగానే లెక్కగట్టింది. కాబట్టి మందు కూడా పనిలోనే వెతకాలి. మేనేజర్‌తో కూర్చుని ఏ పని తగ్గించొచ్చో పేరుపెట్టి అడగండి. సెలవు పెట్టి వచ్చాక అదే బల్ల మీద అదే భారం ఉంటే సెలవు వృథా.

అరుదైనవి

రంగమే తప్పు ఎంచుకున్నానేమో అన్న అనుమానం చాలామందికి వస్తుంది, నిజమయ్యేది కొందరికే. పైవన్నీ చూశాకే దాని గురించి ఆలోచించండి. నిద్ర చాలినా ఒంట్లో శక్తి లేకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించకపోతే డాక్టర్‌ను కలవండి. బతకాలని లేదనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, ఈ రోజే దగ్గరివాళ్లకు చెప్పి వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.