హైప్రోమెల్లోజ్ జెల్ ప్రవాహ గుణాన్ని కొలిచే పద్ధతి

చర్మంపై రాసే మందులకు ఆధారంగా వాడే హైప్రోమెల్లోజ్ (సెల్యులోజ్ నుంచి తయారయ్యే పాలిమర్) జెల్ స్నిగ్ధతను, అంటే ప్రవహించడానికి అది చూపే నిరోధాన్ని, ఒకే అంకెలో చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. ట్యూబులో చిక్కగా నిలిచి ఉండే జెల్ వేలితో రుద్దుతున్నకొద్దీ పలచబడుతుంది కాబట్టి, షియర్ రేటుతో (జెల్ పొరలు ఒకదానిపై ఒకటి ఎంత వేగంగా జారుతున్నాయో తెలిపే కొలతతో) పాటు స్నిగ్ధత ఎలా మారుతుందో కొలవాలి. కె4ఎం అనే గ్రేడు పేరు సూచించే 4000 మిల్లీపాస్కల్-సెకన్ల విలువ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 2 శాతం ద్రావణానికి చెందినది; మీ జెల్‌కు అది వర్తించదు.

కొలతలో వచ్చే తేడాలకు చాలావరకు నమూనా తయారీయే కారణం. పొడిని నేరుగా చన్నీళ్లలో వేస్తే పైపొర మాత్రమే తడిసి ఉండలు కడుతుంది. అందువల్ల మొత్తం నీటిలో మూడోవంతును 80 నుంచి 90 డిగ్రీల వరకు వేడిచేసి, అందులో పొడిని చెదరగొట్టి, మిగిలిన నీటిని చల్లగా చేర్చి కలపాలి. గాలిబుడగలు పోయి పాలిమర్ పూర్తిగా నీటిని పీల్చుకునేలా మూతపెట్టి ఒక రాత్రి ఉంచాలి.

ప్రవాహ గుణాన్ని కొలిచే పరికరమైన రియోమీటరులో కోన్-ప్లేట్ అమరిక (శంకువుకు, బల్లపరుపు పలకకు మధ్య నమూనాను ఉంచేది) సాధారణంగా సరిపోతుంది. అయితే జెల్‌లో కరగని మందు రేణువులు ఉంటే సమాంతర ప్లేట్లు వాడి, వాటి మధ్య ఎడాన్ని అతిపెద్ద రేణువుకు కనీసం పదిరెట్లు ఉంచాలి. ఉష్ణోగ్రతను 25 డిగ్రీల వద్ద గాని, చర్మపు వేడికి దగ్గరైన 32 డిగ్రీల వద్ద గాని స్థిరపరచాలి. నమూనాను వేసి, అంచున పొంగినదాన్ని తీసివేసి, నీరు ఆవిరికాకుండా మూత అమర్చి, వేయడంలో కలిగిన ఒత్తిడి సడలేందుకు ఐదు నిమిషాలు ఆగాలి.

తరువాత షియర్ రేటును సెకనుకు 0.1 నుంచి 100 వరకు మెట్లుమెట్లుగా పెంచి, మళ్లీ తగ్గించాలి. ప్రతి మెట్టులోనూ రీడింగు నిలకడపడేదాకా వేచి ఉండడం తప్పనిసరి. పెంచినప్పటి, తగ్గించినప్పటి వక్రాల మధ్య పెద్ద తేడా కనిపిస్తే వెంటనే థిక్సోట్రోపీ (కదుపుతున్నంతసేపూ కాలంతో పలచబడి, వదిలేస్తే మళ్లీ చిక్కబడే గుణం) అని రాయకండి. వేచి ఉన్న సమయం చాలకపోయినా, అంచు ఎండినా అలాంటి తేడాయే వస్తుంది. అధిక రేటు వద్ద షియర్ ఒత్తిడి (జెల్‌ను జరిపేందుకు ప్రతి ప్రమాణ వైశాల్యంపై పనిచేసే బలం) హఠాత్తుగా పడిపోతే నమూనా ఎడం నుంచి బయటికి వచ్చి ఉండవచ్చు, కనుక ఆ బిందువులను లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ ఒత్తిడిని, షియర్ రేటును లాగ్-లాగ్ గ్రాఫులో గీస్తే సరళరేఖగా ఉన్న భాగపు వాలు ఘాతసూత్రంలోని (ఒత్తిడి షియర్ రేటు ఘాతానికి అనులోమంగా ఉంటుందనే సూత్రంలోని) ఘాతాంకమైన ఎన్ విలువను ఇస్తుంది. అది ఒకటి కంటే ఎంత తక్కువైతే జెల్ అంత త్వరగా పలచబడుతుంది. తక్కువ రేట్ల వద్ద స్నిగ్ధత సమంగా నిలిస్తే ఆ సమస్థితిని కూడా లెక్కలోకి తీసుకునే క్రాస్ మోడల్ అనే సమీకరణం మేలు. గణించిన యీల్డ్ స్ట్రెస్ (జెల్ ప్రవహించడం మొదలుపెట్టేందుకు కావలసిన కనీస ఒత్తిడి) చాలాసార్లు కొలవని ప్రాంతంలోకి రేఖను పొడిగించగా వచ్చిన ఊహే కాబట్టి దాన్ని నివేదించేటప్పుడు జాగ్రత్త అవసరం.

హైప్రోమెల్లోజ్‌కు బదులు కార్మెల్లోజ్ సోడియం వాడితే, అది విద్యుదావేశం గల పాలిమర్ కనుక, లవణ రూపంలోని మందు చేర్చగానే స్నిగ్ధత మారవచ్చు. అలాంటప్పుడు ఖాళీ జెల్‌ను కొలిచి సరిపెట్టుకోకుండా, మందు కలిపిన తుది జెల్‌పైనే పరీక్ష జరపాలి.